రక్తం సీసాలకు కుట్టిన సంచి

2023 ఎండాకాలం. సికింద్రాబాద్‌ల రాణిగంజ్ వెనక గల్లీల మా దుకాణం. ముందు భాగంల మా ఆయన మోటార్‌సైకిల్ సీట్లు కుడుతడు. వెనక భాగంల నేను బండ్లకు సామాను సంచులు కుడుత, డబ్బాలు బిగిస్త. ఎవరన్నా వచ్చి "సంచులు కుట్టేది మీరేనా సార్?" అని మా ఆయన్ను అడిగితే నాకు ఒళ్ళు మండుతది. ఇరవై ఏండ్ల సంది ఆ మిషన్ మీద కూసున్నది నేను. మా ఆయన సుత నవ్వుకుంట లోపలికి చెయ్యి చూపిస్తడు.

మా పనిల రెండు మూడు పేర్లు తెలిస్తే చాలు. సీటు వెనక, నంబర్ ప్లేటు పైన బిగించే డబ్బాను టాప్‌బాక్స్ అంటం. రెండు దిక్కుల వేలాడేవి సైడ్ బ్యాగులు. పెట్రోల్ ట్యాంకు మీద, నడిపేటోని కడుపు ముందర కూసునేది ట్యాంక్ బ్యాగు. వచ్చినోళ్ళల్ల ఎక్కువమంది పెద్ద టాప్‌బాక్సే అడుగుతరు. తాళం పడ్తది, వాన జొరదు, చూడనీకి దర్జాగ ఉంటది. ఏం మోస్తవు అంటే "అన్నీ" అంటరు. ఈ అన్నీ అనే సామాను నేనెన్నడూ చూడలే.

ఒకనాడు దుకాణం తీసిన కొద్దిసేపటికి ప్రభుదాస్ అని ఒకాయన వచ్చిండు. ఇంటింటికి పోయి రక్తం తీసుకొని ల్యాబ్‌కు తెచ్చే పని ఆయనది. అమ్మానాన్నలది ఒంగోలు దిక్కు. పుట్టి పెరిగింది ఇక్కడే అయినా ఇంట్ల మాట్లాడే యాస పోలే. బండి వెనక కొత్త టాప్‌బాక్స్ మెరుస్తున్నది. అది మా దుకాణంలది కాదు.

"మేడమ్, ఈ పెట్టె లోపల స్పాంజి వేసి కుట్టిస్తారా? బాగా మెత్తగా ఉండాలండి."

"ఎందుకు? ఏం పెడ్తవ్ అందుల?"

"బ్లడ్ శాంపిల్స్ అండి. పాడైపోతున్నాయి."

కూసోమని నీళ్ళిచ్చిన. అప్పుడు వివరంగ చెప్పిండు. ట్యూబుల రక్తం బాగ కుదిలితే అందుల కణాలు పగులుతయట. పైన తేటగ, పసుపుగ తేలాల్సిన నీరు ఎర్రగ అయితదట. ల్యాబోళ్ళు దాన్ని హీమోలైజ్డ్ అని పక్కన పెడ్తరు, ఎందుకంటే పొటాషియం లాంటివి అందుల తప్పు చూపిస్తయి. మళ్ళ ఆ ఇంటికి పోవాలె, మళ్ళ సూది గుచ్చాలె. సూది సరిగ్గ పడకపోయినా, రక్తం జోరుగ గుంజినా సుత గట్లనే అయితదట. అందుకే ల్యాబుల అందరి అనుమానం ఆయన చేతి మీద పడ్డది.

"కాప్రాలో ఒక పెద్దావిడ ఉన్నారండి. కిడ్నీ జబ్బు. నరం దొరకటమే కష్టం. ఈ నెలలో రెండుసార్లు వెనక్కి వెళ్ళి మళ్ళీ గుచ్చాను. మొన్న తలుపు తీసి నన్ను చూడగానే చెయ్యి చీరకొంగులో దాచుకున్నారు." నీళ్ళ గిలాస కింద పెట్టిండు. "ఈ వారం కూడా ఇలాగే ఉంటే ఇక నన్ను ఇళ్ళకి పంపం అన్నారండి ల్యాబులో. ఎన్నో ఏళ్ళుగా ఇదే పని. ఇప్పుడు సూది పట్టుకుంటే నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు."

చేతి పని చేసుకొని బతికేటోళ్ళకు ఆ మాట ఎంత బరువో నాకు తెలుసు. మిషన్ ముందర కూసొని నా చెయ్యి నాది కాదనిపిస్తే నేనేం కావాలె?

"సరే గాని, ల్యాబు ఏడున్నది?" అని అడిగిన.

"పద్మారావు నగర్‌లో అండి."

"మరి పద్మారావు నగర్ ఇండ్లల్ల తీసినవి సుత పాడైతున్నయా?"

ఆలోచించిండు. "లేదండి. అవి బాగానే ఉంటున్నాయి. దూరంగా కాప్రా నుంచి తెచ్చినవే ఎక్కువ."

"ఈ డబ్బా ఎప్పుడు పెట్టించినవ్?"

"పోయిన నెలలో. అంతకుముందు వీపుకి సంచి తగిలించుకునేవాణ్ణి. కేసులు పెరిగాయి, సరిపోవట్లేదు."

"ఓరి నాయనా! కాప్రా పోంగనే నీ చెయ్యి మారుతదా? బస్సుల ఆఖరి సీటుల ఎన్నడన్నా కూసున్నవా? గుంత వస్తే ముందరున్నోళ్ళు కదులుతరు, ఆఖరోళ్ళు ఎగిరి పడ్తరు. నీ రక్తం రోజూ ఆఖరి సీటుల వస్తున్నది. ఎంత స్పాంజి పెట్టినా ఎగిరేది ఎగురుతనే ఉంటది. నేను ఎయ్య పో."

పాపం, నిజంగనే లేవబోయిండు. "పో అంటే పొమ్మనా? కూసో" అన్న. మా ఆయన ముందరి నుంచి, "అన్నా, ఆమె తిట్టిందంటే నీ పని పట్టుకున్నట్టే" అని అరిచిండు.

రెండు చక్రాల నడుమ ఏది పెట్టినా తక్కువ ఎగురుతది. అందుకని డబ్బా తీసేసి వెనక సీటు మీద కట్టే సంచి కుడుత అన్న. ప్రభుదాస్ నసిగిండు. "అక్కడ మా ఆవిడ కూర్చుంటుందండి."

ఆయన భార్య సలోమి బొల్లారంల టీచర్. మోకాలు దెబ్బతిని బస్సు మెట్లు ఎక్కలేదు. కాప్రాల ఇండ్లు చూసుకొని, ఆమెను ఇంటికాడ ఎక్కించుకొని బడికాడ దింపి, అప్పుడు ల్యాబ్‌కు వస్తడు. శాంపిళ్ళు బండి మీద ఉన్నప్పుడే ఆమె సుత ఉంటది. ఐతారం నాడు చర్చి అయినంక ఆమెను తీసుకొని వచ్చిండు. దిగుడుతోనే నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నన్ను దించేసి సంచిని ఎక్కించమన్నది మీరేనా అండీ?"

"నేనే. కాని సంచి గింత మాట్లాడదు టీచరమ్మా, అందుకే అన్న."

పకపక నవ్వింది. ప్రభుదాస్ సుత నవ్విండు, ఆయన నవ్వంగ చూసుడు నాకదే మొదలు.

నా దగ్గర ఒక సొంత పద్ధతి ఉన్నది. తొణికే సామాను, పగిలే సామాను ఎవరన్నా మోస్తున్నరంటే ముందుగాల పెరుగుతోటి చూస్త. ఇంట్ల గట్టిగ తోడుకున్న పెరుగు చిన్న స్టీలు డబ్బాలల్ల తెచ్చిన. ఒకటి టాప్‌బాక్స్‌ల, ఒకటి సైడ్ బ్యాగుల, ఒకటి ట్యాంకు మీద పాత సంచిల పెట్టి కట్టిన. "పో, కాప్రా పోయి రా. రోజు ఎట్ల పోతవో గట్లనే పో. మెల్లగ పోయి నన్ను మోసం చెయ్యకు" అన్న. ఆ రోజులల్ల అటు రోడ్లన్నీ పైపుల కోసం తవ్వి పెట్టిన్రు. సలోమి నా పక్కన స్టూలు మీద కూసున్నది. మస్తు మాట్లాడింది గాని కండ్లు మాత్రం గల్లీ మొదట్లనే ఉన్నయి.

బండి వచ్చినంక ముగ్గురం మూతలు తీసినం. టాప్‌బాక్స్‌ల పెరుగు మజ్జిగ అయింది. సైడ్ బ్యాగుది ముక్కలు ముక్కలైంది, సైలెన్సర్ దిక్కు కాబట్టి వెచ్చగ సుత అయింది. ట్యాంకు మీది డబ్బా తీస్తే అంచుకు జెర నీళ్ళూరినయి, అంతే. పెరుగు పెరుగులెక్కనే ఉన్నది. ప్రభుదాస్ ఆ మజ్జిగను చూసి, తన కుడిచెయ్యిని చూసుకున్నడు.

"అయితే నా చెయ్యి కాదంటారా?"

అవును అనబుద్ధి అయింది. కాని పెరుగు వేరు, రక్తం వేరు. "అది ల్యాబు చెప్పాలె. బండి సంగతి మాత్రం నేను చెప్పిన" అన్న.

ల్యాబుల ఆయనకు పై అధికారి అయిన మేడమ్‌తోటి ఫోన్‌ల మాట్లాడిన. మర్యాదగల మనిషి. "ట్యూబులు స్టాండులో నిలువుగా ఉండాలమ్మా. చల్లగా ఉండాలి, కాని ఐస్‌కు తగలకూడదు. సంచి మీద రక్తం అని స్టిక్కర్ కనపడాలి. ఇవి ఉంటే సంచి ఎక్కడ పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఆ పేషెంట్లను మళ్ళీ మళ్ళీ గుచ్చటమే నాకు బాధ" అన్నది. ఎవ్వరి మీద కోపం చేసుకోవాల్నో తెల్వక, స్టాండు కొలతలు అడిగి రాసుకున్న.

ఇగ కుట్టుడు షురూ చేసిన. ఎండకు ట్యాంకు పెనంలెక్క కాలుతది. కింద మందంగ నమ్దా అనే ఉన్ని బట్ట, దాని మీద ఫోమ్, లోపల నాలుగు దిక్కుల వెండి రంగు షీటు వేసిన. నడుమ స్టాండు కదలకుండ గూడు, ఐస్ ప్యాక్‌కు వేరే అర, రెండింటి మధ్యల ఇంకో పొర. పెట్రోల్ పోయించుకునేటప్పుడు సంచి మొత్తం విప్పకుండ, వెనక క్లిప్పులు తీస్తే ముందుకు ఒరిగేటట్టు పెట్టిన.

గొప్పగ బిగించి, బండి తిప్పుకొని రమ్మన్న. గల్లీ చివర హ్యాండిల్ పూర్తిగ తిప్పిండో లేదో, సంచి మూల పోయి హారన్ బటన్‌కు ఒత్తుకున్నది. ఒకటే మోత! పక్క దుకాణాలోళ్ళు బయటికొచ్చిన్రు. ప్రభుదాస్ పరేషాన్ అయి ఎటు తిప్పాల్నో తెల్వక నడిరోడ్డు మీద ఆగిండు. మా ఆయన కడుపు పట్టుకొని నవ్విండు. నాకు సిగ్గు, కోపం రెండూ వచ్చినయి. సంచి విప్పి, ముందరి రెండు మూలలు కోసి, గుండ్రంగ మళ్ళ కుట్టిన. మీటరు కనబడేటట్టు ఎత్తు సుత తగ్గించిన. అప్పటిదాకా అన్నం ముట్టలే.

మర్నాడు ఆ సంచి తోటి కాప్రా పోయిండు. ఆ కిడ్నీ జబ్బు పెద్దమ్మకు ఆ రోజే మళ్ళ పరీక్ష. నాకు పొద్దుగాలటి సంది మనసు మిషన్ మీద లేదు. సైడ్ బ్యాగుకు ఒక రంగు దారం ఎక్కించాల్సింది ఇంకొకటి ఎక్కించిన. "ఫోన్ చెయ్యరాదు?" అన్నడు మా ఆయన. చెయ్యలే. పాడైందని చెప్తే ఏమనాల్నో నాకు తెల్వది.

ఆయనే చేసిండు. వెనక ఏదో మిషన్ గిర్రున తిరుగుతున్న సప్పుడు.

"అక్కా!" అన్నడు. అప్పటిదాకా మేడమ్ అనేటోడు. "ఒక్కసారే గుచ్చానక్కా. ఇప్పుడే మిషన్‌లోంచి తీశారు. తేటగా ఉంది. పసుపుగా ఉందక్కా!" ఫోన్ పట్టుకొని ఏడ్చిండు. నేను సుత ఏడ్చిన. "మరి మిగిలిన కాప్రావి?" అని కండ్లు తుడుసుకొని అడిగిన. "అన్నీ బాగున్నాయక్కా."

ఆ వారం దాటింది. ఆయన్ను ఇండ్లకు పంపుడు ఆపలే. ఆ ల్యాబు మేడమే రక్తం తెచ్చే మిగిలినోళ్ళను సుత నా దగ్గరికి పంపింది. ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరు కుట్టిన. ఒకాయనకు వెనక సీటు మీద, స్కూటీ ఉన్న ఒకామెకు కాళ్ళకాడ. ఇప్పుడు ఎవరన్నా వచ్చి సంచులు కుట్టేది మీరేనా సార్ అని అడిగితే, మా ఆయన చెయ్యి చూపించకముందే నేను లేచి బయటికొస్త.

అంతకుముందు నేను ఎంత సామాను, ఎంత దూరం అని అడిగేదాన్ని. డబ్బా సైజు, రేకు మందం, తాళం, ఇవే నా లెక్కలు. ఇప్పుడు ఎవరొచ్చినా ముందుగాల ఒకటే అడుగుత: "నువ్వు మోసేది పాడైతే ఎవరికి నొస్తది?" వాళ్ళు ఆ మనిషి సంగతి చెప్పినంకనే కత్తెర పట్టుకుంట.