మా అన్న కాలికి తీసిన ఫోటోలు

మా అన్నకు నొప్పి అంటే లెక్కలేదని ఇంట్లో అందరం గొప్పగా చెప్పుకునేవాళ్లం. మే నెల ఎండలో మిద్దె మీద చెప్పుల్లేకుండా తిరిగేవాడు. అరికాల్లో మేకు దిగితే పీకి పారేసి, "ఏం కాలే పోండ్రి" అని టీ అడిగేవాడు. ఇంటికొచ్చిన పిల్లలు దెబ్బ తగిలి ఏడిస్తే, "మామను చూసి నేర్చుకో" అని వదిన మందలించేది. అది ధైర్యం కాదు, ఏళ్ల తరబడి షుగరు పాదాలను మొద్దు చేసేసిందని ఎవరికి తెలుసు? తెలిసిన తర్వాత కూడా మావాళ్లు నమ్మలేదు, అది వేరే సంగతి.

ఖాజాగూడలో మా పాత ఇంటి పైభాగంలో నేను, కింద అన్నా వదినా. నాన్న పోయినప్పుడు నేనింకా బడికి పోతున్నాను. అన్నే ఆటో నడిపి నన్ను చదివించాడు. తర్వాత కారు కొని ఆఫీసులవాళ్లను ఎక్కించుకుని దించే పనికి పెట్టాడు. నాకు హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చాక, దారి కాకపోయినా నన్ను దించి మరీ పోయేవాడు. సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన డ్రైవర్‌కు కూడా అద్దం దించి "మా చెల్లె సాఫ్ట్‌వేరు" అని చెప్పేవాడు. నాకు తల కొట్టేసినట్టు ఉండేది. ఇప్పుడు ఆ మాట కోసం మొహం వాచిపోయి ఉన్నాను.

ఒక పొద్దున గచ్చిబౌలి దగ్గర ముందున్న బస్సు ఆగింది. అన్న బ్రేకు వేసే ముందు తల వంచి కిందికి చూశాడు.

"రోడ్డు మీద చూడకుండా కిందేం చూస్తున్నవన్నా?" అన్నాను.

"కాలు ఏడున్నదో సూస్తున్న. బ్రేకు మీదుందా, పక్కకుందా తెల్వాలె గద."

అద్దం తుడుచుకున్నంత మామూలుగా అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "అంటే కాలు నీకు తెలుస్తలేదా?" అని అరిచాను. "జర మొద్దుగుంటది గంతే, పరేషాన్ గాకు" అని నవ్వాడు.

ఆ సాయంత్రం బూటు విప్పించి చూశాను. కుడి పాదం ఎర్రగా, బూరెలా పొంగి ఉంది. ఎప్పటినుంచి అంటే వదినకూ తెలియదు, తనకూ తెలియదు. నొప్పి లేదుగా, ఎవరు చూస్తారు? గొడవపడి మర్నాడు కొండాపూర్‌లో షుగరు పాదాలు చూసే డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను. ఆమెది కోస్తా వైపు, మాట మెత్తన. నా చెయ్యి పట్టుకుని ముందు ఎడమ పాదం మీద, తర్వాత కుడి పాదం మీద పెట్టింది.

"తేడా తెలుస్తోందా అండి? ఈ కాలు కాలిపోతోంది."

నిజమే. జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు ముట్టుకున్నట్టే ఉంది. అన్న మాత్రం ఎవరి కాలో చూసినట్టు చూస్తున్నాడు.

ముందు ఎక్స్‌రే తీశారు. ఆమె దాన్ని స్క్రీన్ మీద పెట్టి, ఎముకలేమీ విరగలేదు అంది. అన్న మొహం వెలిగిపోయింది. లేచి చెప్పులు వెతుక్కుంటున్నాడు. "కూర్చోండి, అప్పుడే అయిపోయిందన్నానా?" అని ఆమె ఆపింది. ఇలాంటి పాదంలో మొదట్లో ఎక్స్‌రే బాగానే కనిపిస్తుందని, చెడేది లోపల్లోపల చెడుతూనే ఉంటుందని, ఎమ్మారై తీస్తేగానీ తెలియదని చెప్పింది.

ఎమ్మారైకి ఉంగరం, మొలతాడుకున్న తాయెత్తు తీసి నా చేతిలో పెట్టి లోపలికి పోయాడు. అంత మోత మోగే మిషన్‌లో గురక పెట్టి నిద్రపోయాడట! బయటికొచ్చి, "మంచిగ ఏసీ ఉందే, ఇంకో కాలుకు గూడ తియ్యమను" అన్నాడు. నేనూ నవ్వాను. మా ఇద్దరి చివరి నవ్వు అదే కావచ్చు.

ఎమ్మారై బొమ్మలో పాదం మధ్య ఎముకలు ఉండవలసిన రంగులో లేవు. డాక్టరమ్మ వేలితో చూపించింది. ఎముకల లోపల నీరు చేరిందట, మెత్తబడుతున్నాయట, ఈ కాలి మీద ఇలాగే తిరిగితే అరికాలి వంపు కుప్పకూలుతుందట.

"అదృష్టం, తొందరగా దొరికిందండి. ప్లాస్టర్ వేసి మూడు నెలలు కాలు కింద పెట్టకపోతే పాదం నిలబడుతుంది. నడపడం మాత్రం వద్దండి."

అన్న ఆమె ముందు బుద్ధిగా తలూపాడు. ప్లాస్టర్ రేపు వేయించుకుంటానన్నాడు. మెట్లు దిగుతుండగానే మాట మారింది.

"ఒక ఫోటోల మంచిగుందంటరు, ఇంకో ఫోటోల ఖరాబైందంటరు. రెండిట్ల ఒకటి అబద్ధమే గద? నేను మంచిదాన్నే నమ్ముత."

"అది అట్ల కాదన్నా..."

"నొప్పి లేనిదాన్కి పట్టీ ఏందే? మూడు నెలలు బండి పక్కకు పెడితే నా జాగల ఇంకొకన్ని పెట్టుకుంటరు. ఇంట్ల కూసొని గోడలు సూడాల్నా?"

అతనికి చెప్పడమూ, గోడకు చెప్పడమూ ఒకటే. నేను బతిమాలాను, తిట్టాను, వదినను ఎగదోశాను. ఆమె తన మేనమామకు ఫోన్ చేసింది. ఆయన మోచెయ్యి విరిగినప్పుడు నాటు కట్టు కట్టించుకుంటే ఇట్టే అతుక్కుందట. వాపుకూ బాగా పనిచేస్తుందట, బండి కూడా నడుపుకోవచ్చట. అంతే! కంటి ముందు దేవుడు దిగినట్టయింది ఇద్దరికీ. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అన్న కాలికి ఆకు పసరు, గుడ్డుసొన, వెదురు బద్దలు, వాటి మీద బిగించి కట్టిన గుడ్డ. ఆ కట్టినాయన్ని కూడా ఏమనను? విరిగిన చేతులు బాగుచేసిన మనిషే. ఎంత బిగించినా అబ్బా అననివాళ్లకు ఎంత బిగించాలో ఆయనకెట్లా తెలుస్తుంది? మామూలు మనిషైతే ఒక్క రాత్రికే లబోదిబోమని విప్పించుకునేవాడు. మావాడు హాయిగా నిద్రపోయాడు.

"వేళ్లు చూడు వదినా, రంగు మారిందేమో" అని రోజూ పీక్కుతినేదాన్ని. పసరూ పసుపూ గట్టిపడి వేళ్ల రంగు ఎవరికీ తెలియలేదు.

కొన్నాళ్లకు అన్న కారులో వాసన మొదలైంది. ఎక్కినవాళ్లు ముక్కు మూసుకుంటున్నారు. ఎలుక చచ్చిందనుకుని సీట్లన్నీ పీకాడు, బానెట్ లేపి చూశాడు, కారంతా సబ్బునీళ్లతో కడిగాడు. ఆ రోజు నేను ముందు సీట్లో కూర్చున్నాను. "ఏడ సచ్చిందో గాని దొరుకుతలేదు చెల్లె" అంటున్నాడు చిరాకుగా. నేను కిందికి చూశాను. బ్రేకు మీద ఉన్న ఆ కట్టు అడుగున తడిసి ఉంది. బండి పక్కకు ఆపించాను. తాళం తీసేసి, రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాను. అతను నన్ను ఓదారుస్తున్నాడు!

దవాఖానలో కట్టు కత్తిరించి తీశారు. ఎలా ఉందో రాయను. రక్తం ఎంతవరకు పోతోందో చూడటానికి మందు ఎక్కించి మళ్లీ స్కాన్ తీశారు. తొడలో నుంచి దిగిన తెల్లని గీత మోకాలు దాటి కొంత దూరం వచ్చి, సన్నబడి, ఆగిపోయింది. కింద పాదం ఉండవలసిన చోటంతా చీకటి. డాక్టరమ్మ ఒక్క మాట కూడా దెప్పలేదు. "మోకాలు మిగుల్చుకుందామండి" అంది. అన్న నా వైపు చూసి, "బండి?" అన్నాడు.

ఆపరేషన్ అయిన కొన్ని రోజులకు, మధ్యాహ్నం వదిన అన్నం తెస్తానని ఇంటికి వెళ్లినప్పుడు, మంచం పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. అన్న ఉలిక్కిపడి లేచాడు. మొహమంతా చెమట. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"చెల్లె, కాలు నొస్తుందే. కుడి కాలు. అబ్బ, బొటనవేలు పిండేస్తున్నట్టు నొస్తుంది."

తీసేసిన కాలు కొందరికి అలా నొప్పి పెడుతుందని నర్సు ముందే చెప్పింది. అన్న నోట అబ్బా అనే మాట వినడం నాకు అదే మొదటిసారి. ఏం చెయ్యాలో తోచక, దుప్పటి కింద ఆ కాలు ఉండవలసిన చోట పరుపు మీద చెయ్యి పెట్టి ఒత్తుతున్నాను. మందుల మత్తులో అతని కళ్లు పూర్తిగా తెరుచుకోలేదు. మొహంలో మాత్రం ఏదో సంబరం.

"నొప్పి వచ్చింది గదనే, ఇగ బాగైతది. జల్ది పోయి ఆ డాక్టరమ్మకు చెప్పు. ప్లాస్టర్ ఎయ్యమను. మూడు నెలలు కాదు, యాడాదైనా కాలు కింద పెట్ట."