బావిలో పడిన మాట

నా చిన్నప్పుడు మా వీధిలో ఎవరికి ఉత్తరం రాయాల్సి వచ్చినా నన్నే పిలిచేవారు. అప్పటికి నాకు పన్నెండేళ్లు. ఐదో తరగతితో బడి మానిపించారు గానీ, చదువు మాత్రం నన్ను వదల్లేదు. మా నాయన వారానికోసారి పనిమీద ఓర్వకల్లుకు పోయేవాడు. నేను వెంట పోయి, ఆయన పని ముగించుకుని వచ్చేదాకా అక్కడి గ్రంథాలయంలో కూర్చునేదాన్ని. కొత్త మాట కనబడితే ఒక పాత నోటుబుక్కులో ఎక్కించుకునేదాన్ని. అర్థం తెలిసినా తెలియకపోయినా, చెవికి గంభీరంగా వినబడితే చాలు. ఆ నోటుబుక్కు నా నగల పెట్టె. ఎవరి ఉత్తరం రాసినా అందులోంచి ఒక నగ తీసి పెట్టకుండా ఉండలేకపోయేదాన్ని.

మా ఎదురింట్లో ఒకాయన ఉండేవాడు. చుట్టం కాకపోయినా నేను మిలిటరీ పెద్దనాయన అని పిలిచేదాన్ని. సరిహద్దు మంచుకొండల మీద యుద్ధం జరిగినప్పుడు ఆయన అక్కడ ఉన్నాడు. ఎడమకాలి వేళ్లు మూడు మంచుకు చచ్చిపోతే కోసి తీసేశారు. వేళ్లు పోయినందుకు ఆయన ఎన్నడూ బాధపడలేదు. పోయింది ఊపిరి. ఇంటినుంచి బస్సు ఆగే చోటు రెండు ఫర్లాంగులు కూడా ఉండదు. ఆ దారిలో ఆయన మూడు రాళ్ల మీద ఆగి కూర్చునేవాడు. ఆ రాళ్లకు మేము పిల్లలం మొదటి స్టేషను, రెండో స్టేషను అని పేర్లు పెట్టాం. చేలో పని చేయలేక, కూర్చున్నచోటే కిత్తనార తాళ్లు పేనేవాడు. పెద్దమ్మ ఒక్కతే కూలికి పోయి ఇల్లు నడిపేది.

మిలిటరీ వాళ్లు ఆయన్ను జబ్బు మనిషని ఇంటికి పంపినప్పుడు ఇచ్చిన కాగితంలో ఊపిరితిత్తులు చెడిపోయాయని ఉంది. ఎందువల్ల చెడిపోయాయో లేదు. జబ్బు నౌకరీలో ఉండగా వచ్చిందని తేలితేనే పింఛను. అందుకు అర్జీ పెట్టాలి. అర్జీ రాసే పని నాకు దొరికింది.

“ఈ జబ్బు సచ్చేదాకా నన్ను ఇడ్సదు అని రాయి పాపా” అన్నాడు పెద్దనాయన.

సర్కారుకు పెట్టే కాగితంలో ‘చచ్చేదాకా’ అని రాయడం నాకు మోటుగా అనిపించింది. నోటుబుక్కు తిరగేసి ‘ఇది నా ఆజన్మ వ్యాధి’ అని రాశాను. జన్మ ఉన్నంతకాలం ఉండే వ్యాధి అని నా ఉద్దేశం. చదివి వినిపిస్తే ఆయన తల ఊపి, “మాటలు శానా గట్టిగా ఉండాయి” అని మెచ్చుకుని సంతకం చేశాడు. ఆ మెప్పుతోనే ఆ రోజు నా కడుపు నిండిపోయింది.

నాలుగు నెలలకు జవాబు వచ్చింది. పెద్దనాయన ఇంటి ముందు కట్ట మీద అప్పుడు నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. నేను గొంతు సవరించుకుని అందరికీ వినబడేలా చదివాను. ‘సదరు వ్యాధి పుట్టుకతోనే ఉన్నదని మీ అర్జీలో మీరే తెలిపినందున, అది సైనిక సేవ వల్ల కలిగినదిగా భావించుటకు వీలులేదు.’ చదవడం పూర్తయ్యాక గానీ నేను చదివిందేమిటో నాకు తెలియలేదు.

“ఏమప్పా, తల్లి కడుపులోంచి దగ్గుకుంటానే వస్తివా?” అని టీ హోటలాయన నవ్వాడు. పెద్దమ్మ నవ్వలేదు. చేతిలో చాట అట్లాగే పట్టుకుని, “అట్ల రాయమని ఎవురు చెప్పిరి?” అని అడిగింది.

పెద్దనాయన నావైపు ఒక్కసారి చూశాడు. నా మొహంలో ఏం కనబడిందో.

“నేనే చెప్తి. ఆ పొద్దు నాకు జరం గదా, నోట్లో మాట తారుమారాయ.”

“దేశమంతా తిరిగొచ్చి నీ రోగం నువ్వు చెప్పుకోను రాకపాయె!” అని మొదలుపెట్టి పెద్దమ్మ చాలాసేపు తిట్టింది. కట్ట మీది వాళ్లు కూడా తలా ఒక మాట అన్నారు. అవన్నీ నాకు రావాల్సిన తిట్లు. ఆయన తల వంచుకుని తాడు పేనుతూనే ఉన్నాడు.

గ్రంథాలయంలో ఒక లావుపాటి నిఘంటువు ఉండేది. కొత్త మాటలు ఏరుకోవడానికే దాన్ని తెరిచేదాన్ని తప్ప, నా దగ్గరున్న మాట సరైనదేనా అని చూసుకోవడానికి ఎన్నడూ తెరవలేదు. ఆ వారం తెరిచాను. ఆజన్మము అంటే పుట్టినది మొదలు అని ఉంది.

ఊరికి వచ్చి నేరుగా ఆయన దగ్గరికి పోయాను. చెప్పాలని నోరు తెరిస్తే ఏడుపే వచ్చింది.

“నాకు తెలుసులే పాపా, ఏడ్వాకు. మాట బావిలో పడింది, అంతే గదా. మునిగి తీద్దాం. మళ్లా నువ్వే రాయల్ల.”

నేను రాయనన్నాను. బడి అయ్యవారి చేత రాయించుకొమ్మన్నాను. అప్పుడాయన మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ, తను మొదటిసారి తుపాకి కాల్చిన రోజు సంగతి చెప్పాడు. గురికి తగలాల్సిన గుండు ఎక్కడో పక్కనున్న ఇసుకమూటలో దిగిందట. వెనక నిలబడిన వాళ్లంతా పగలబడి నవ్వారట. నేర్పించే హవల్దారు ఒక్కడే నవ్వలేదట.

“నా చేతిలో తుపాకి గుంజుకోలేదు పాపా, ఆ మారాజు. ఇంకో గుండు ఇచ్చినాడు.”

అట్లా నాకూ ఇంకో కాగితం దొరికింది. ఒక్కటే షరతు పెట్టాడు. ఈసారి వేలుపెట్టి చూపించలేని మాట ఒక్కటి కూడా ఉండకూడదు.

ఊపిరిని వేలుపెట్టి ఎట్లా చూపించాలి? రెండు రోజులు ఆలోచించాను. చివరికి దారి చూపింది ఆయన అన్న బావి మాటే. మా ఊరబావి చాలా లోతు. తాడు తెగి బిందె పడిందంటే గాలానికి అందదు. మిలిటరీకి పోకముందు, ఎవరి బిందె పడినా మునిగి తీసేది పెద్దనాయనేనని మా ఇంట్లో చెప్పుకోగా విన్నాను. పుట్టుకతోనే ఊపిరి చెడిపోయినవాడు ఆ బావి అడుగు తాకి వస్తాడా?

కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. మూల ఇంటి అవ్వ తన ఇత్తడి బిందె బయటికి తెచ్చి, దాని సొట్ట మీద నా వేలు పెట్టించింది.

“ఇది నా పుట్టింటి బిందె మ్మే. నూరు అంకెలు లెక్కబెట్టినా పైకి రాకపాయె. సచ్చినాడనుకోని నేను బావిగట్టున ఏడుస్తాంటే, బిందె నెత్తిన బోర్లించుకోని తేలినాడు దొంగసచ్చినోడు!”

టీ హోటలాయన నేను అడగకముందే వేలు చాపాడు. “మా బొక్కెన గూడ తీసినాడు, రాసుకో.” పదకొండు ఇళ్ల వాళ్లు తాము చూసింది చెప్పి రాయించి, దాని కింద వేలిముద్రలు వేశారు. పైన నేను రాసినవి కొద్ది వాక్యాలే. ‘మిలిటరీలో చేరకముందు నాకు దమ్ము ఉండేది. తిరిగి వచ్చేటప్పటికి లేదు. ఉండేదని చూసినవాళ్లు ఈ కింద ఉన్నారు.’ నోటుబుక్కు తెరవలేదు.

అర్జీ ఇవ్వడానికి ఇద్దరం కర్నూలు పోయాం. పింఛను ఆఫీసు మేడమీద ఉంది. మెట్ల మీద ఆయన నాలుగుసార్లు కూర్చున్నాడు. ఆఫీసరు రెండు అర్జీలూ పక్కపక్కన పెట్టి, అప్పుడు అట్లా రాసి ఇప్పుడు ఇట్లా రాస్తే ఏది నమ్మాలి అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. పెద్దనాయన, “ఆ పొద్దు నాకు జరం సార్” అని మొదలుపెట్టాడు. మళ్లీ నా తప్పు ఆయన నెత్తికెత్తుకుంటున్నాడు. ఈసారి అది అబద్ధమని తేలితే రెండో అర్జీ కూడా పోతుంది.

“కాదు సార్, నేను రాసినా” అన్నాను. “పెద్దనాయన సచ్చేదాకా అని చెప్తే, నేను ఆజన్మ అని రాస్తి. ఆ మాటకు అర్థం నాకు తెల్దు. పెద్దమాటని రాస్తి.”

ఆఫీసరు అవ్వ చెప్పిన నూరు అంకెల సంగతి మళ్లీ చదివాడు. సైన్యంలో చేర్చుకునేటప్పుడు రొమ్ము పరీక్ష చేసే చేర్చుకుని ఉంటారు కదా అని తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. నేను చెప్పిందంతా రాయించి, నా చేత సంతకం పెట్టించి, పెద్దనాయనను మళ్లీ డాక్టర్ల దగ్గరికి పంపించాడు. ఆ సంతకంతో నా గుండె మీంచి రాయి దిగిపోయింది.

మరుసటి ఏడు శెనక్కాయ పీకే కాలానికి పింఛను ఆర్డరు వచ్చింది. అదే కట్ట, అదే మనుషులు. నేను ఈసారి ముందు మనసులో చదువుకున్నాను.

“పెద్దమాటలు ఏమన్నా ఉండాయా పాపా దాంట్లో?” అన్నాడు పెద్దనాయన.

“ఒకటి ఉండాది. జీవితాంతము అని.”

“అంటే?”

“సచ్చేదాకా అని.”

“నేను మొదట చెప్పిందీ అదే గదమ్మా!” అని దగ్గు వచ్చేదాకా నవ్వాడు. పెద్దమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, ఆయన వీపు నిమురుతూ నిలబడింది. ఆ తరువాత ఎండాకాలాల్లో ఆమె కూలికి పోలేదు.

నేను కాలేజీ మొహం చూడలేదు. నాకు తెలిసిందంతా ఆ గ్రంథాలయం పెట్టిన భిక్షే. ఇప్పటికీ వీధిలో వాళ్లకు అర్జీలు రాసిపెడుతుంటాను. రాసింది చదివి వినిపిస్తూ కాగితం కాకుండా వాళ్ల మొహం చూస్తాను. ఏ మాట దగ్గర మెచ్చుకోలుగా తల ఊపుతారో, ఆ మాట కొట్టేస్తాను.

పోయిన నెల నా వృద్ధాప్య పింఛను కాగితం మా మనవరాలు నింపింది. వయసు తప్పు రాసి నన్ను పదేళ్లు చిన్నదాన్ని చేసింది. చూసుకుని నాలుక కరుచుకుని, “జేజీ, నాకు రాదు, ఇంకెవరితోనన్నా రాయించుకో” అని కలం పక్కన పెట్టేసింది.

నేను లేచి పోయి, పెట్టెలోంచి ఇంకో కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాను.