పడుగు ఆరేదాకా

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఒక కాగితం పట్టుకొచ్చాడు. మా వెనకున్న ఖాళీ నేలలో కొన్ని వందల ఇళ్ల టౌన్‌షిప్ వస్తుందట. బోర్లు ఎండుతాయి, మురుగునీళ్లు మన వైపే పారుతాయి, రోడ్డు చాలదు అని మునిసిపాలిటీకి రాసిన అభ్యంతరం అది. "చదివేపని ల్యా పెద్దమ్మా, అందరూ పెట్టినారు, సంతకం చేయి" అన్నాడు. నేను మాత్రం కళ్లజోడు వెతుక్కుని నిదానంగా చదివాను. చదువుతున్నంతసేపూ మా అత్తే మనసులో మెదిలింది. ఆమెకు సంతకం రాదు. కానీ ఇలాంటి విషయంలో ఆమె చేసినంత పని కాగితాల మీద చేసినవాళ్లను నేను చూడలేదు.

నేను పులివెందుల పిల్లను. మాదీ నేతవాళ్ల ఇల్లే గానీ, మా తాతల నాడే మగ్గం వదిలి బట్టలంగడి పెట్టుకున్నారు. పడుగేదో పేకేదో తెలియకుండానే ప్రొద్దుటూరు అంచున ఉన్న నేతగాళ్ల వీధికి కోడలినయ్యాను. కాపురానికొచ్చిన మర్నాడు తెల్లారి బిందె చంకన పెట్టుకుని పెరటి తలుపు తీసి, నిద్రమత్తులో నేరుగా పోయి నూలులో చిక్కుకున్నాను. చీరకు నిలువునా వచ్చే దారాలన్నిటినీ బారుగా లాగి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. అదే పడుగు. అది తెగితే కొన్నాళ్ల పని నేలపాలు. మా అత్త చేతిలో కుంచెతో పరుగున వచ్చి, "అమ్మీ, కదలొద్దు. ఊపిరి గూడా మెల్లగా తీసుకో" అంది. ఒక్కొక్క దారమే నా గాజుల నుంచి విడిపించింది. తిట్టలేదు. ఆ తర్వాత ఏడాది పాటు వీధిలో ఆడవాళ్లు నన్ను చూసినప్పుడల్లా "ఊపిరి మెల్లగా" అని నవ్వేవాళ్లు.

పడుగు పట్టడానికి మా వీధి చాలదు. వీధి వెనక పొడుగాటి సర్కారు బయలు ఉండేది. పొద్దున్నే అక్కడ నాలుగైదు పడుగులు రంగు రంగులుగా సాగి ఉండేవి, పుల్లటి గంజి వాసన వీధంతా కమ్మేది. ఆ బయలు పక్కనే మా అందరికీ ఉన్న ఒకే ఒక్క మంచినీళ్ల బావి. ఒకరోజు జీపుల్లో మనుషులు వచ్చి సున్నంతో గీతలు గీసి రాళ్లు పాతారు. బయలంతా కాలనీ కడతారని, అధికారంలో ఉన్న పార్టీ నాయకుడు పట్టుబట్టి తెచ్చాడని తెలిసింది. ఆ గీతల ప్రకారం బావి ఒక ఇంటి వంటగదిలో పడింది. వాననీళ్లు వంకలోకి పోయే పల్లం మీద రెండు వరసల ఇళ్లు పడ్డాయి. ఆ నీళ్లు వెనక్కి తంతే, మగ్గం కింద కాళ్లు పెట్టుకునే మా గుంతల్లోకే రావాలి. పడుగుకైతే చోటే లేదు.

అవి పార్టీ కక్షలకు భయపడి ఎవరూ గట్టిగా మాట్లాడని ఏళ్లు. జీపు చప్పుడైతే తలుపులు పడేవి. ఏ టీ అంగట్లో కూర్చుంటే ఆ పార్టీ కింద జమకట్టేస్తారని మా ఆయన అసలు టీ మానేసి, ఇంట్లో మజ్జిగతో సరిపెట్టుకున్నాడు. ఆయన ధైర్యం అంతవరకే. వీధి మగవాళ్లంతా మా వసారాలో చేరి గుసగుసలాడుతుండగా ఎదుటి పార్టీవాళ్లు నలుగురు వచ్చారు. "మీరు ఊ అనండి సాలు. రాళ్లు పీకేది మా పని" అన్నారు. మగవాళ్ల తలలు అప్పటికే ఊగుతున్నాయి. మా అత్త గంజి చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"మీరు పీకితే వాళ్లొస్తారు నాయనా. వాళ్లొస్తే మళ్లా మీరొస్తారు. మద్దెన మా పిల్లోళ్లు తిరుగుతాంటారు. మాకొద్దు. మజ్జిగ తాగి పోండి."

వాళ్లు మజ్జిగ తాగే పోయారు. ఆ చెంబుతో మా ఆయన వాటా కూడా అయిపోయింది.

మర్నాడు పగటిపూట ఆమె నన్ను వెంటబెట్టుకుని ఆ నాయకుడి ఇంటికే బయల్దేరింది. అర్జీ రాయడానికి చదువుకున్న మనిషి కావాలని కాబోలు అనుకున్నాను. గేటు దగ్గర తుపాకుల మనుషులు మా సంచి వెతికితే జొన్నరొట్టెలు, ఎర్రకారం బయటపడ్డాయి. లోపల ఆయన కుర్చీలోంచి లేవకుండానే, "ఏందమ్మా, పేదోళ్లకు ఇండ్లు కట్టిస్తాంటే అడ్డం పడతాండారంట?" అన్నాడు.

"అడ్డం పడలేదప్పా. కట్టు. బాడిగిండ్లలో మగ్గం దించను చోటు లేక ఏడ్సేవాళ్లు మాలోనే శానామంది ఉండారు. కానీ గీతలు గీసినోళ్లు ఆ నేలను చూసి గీసినట్టు లేదు. నువ్వొకసారి వచ్చి చూడల్ల. పొద్దున్నే రా. ఎండెక్కినాక నీకేం కనపడదు."

ఆయన తల మాత్రం ఊపాడు. నాకైతే ఆశ లేదు.

నాలుగో రోజు పొద్దున్నే రెండు జీపులు వచ్చాయి. దారికి అడ్డంగా మా పడుగు. డ్రైవరు హారన్ మీద చేయి తీయలేదు. ఒకడు దిగి, "ఇప్పేయండి, అన్న పోవల్ల" అని కట్టుకొయ్య మీద చెయ్యేశాడు. మా అత్త కుంచె ఆపలేదు. "గంజి తడి మీదుండాది. ఇప్పుడు వదిలితే దారాలు అంటుకుంటాయి. ఆరేదాకా ఆగండి. ల్యాకుంటే దిగి నడ్సండి" అంది. వీధిలో తలుపుల సందుల్లోంచి అందరం చూస్తున్నాం. నాయకుడు జీపు దిగాడు. ఆరడుగుల మనిషి, తెల్లచొక్కా నూలుకు తగలకుండా నడుము వంచి పడుగు కింద నుంచి ఇవతలికి వచ్చాడు. ఆయన మనుషులు కూడా ఒక్కొక్కరే వంగారు.

ఆమె ఆయన్ను బయలు ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించింది. వానాకాలంలో నీళ్లు నిలబడే గుర్తులు చూపించింది, బావి నీళ్లు తోడి తాగించింది. "పడుగుకు ఎంత పొడుగు కావల్ల?" అని ఆయన అడిగితే, "నువ్వు నడిసినంత" అంది. ఆయన అక్కడే ఇంజనీరును పిలిచి బావిని వదిలేయమన్నాడు. నడుమ ఒక రోడ్డు వెడల్పుగా, వంకర లేకుండా వేయమన్నాడు. పల్లంలో ఒక వరస తీసేయించాడు. రెండో వరస తీయలేదు. ఆ తర్వాత పెద్ద వాన వచ్చిన ప్రతిసారీ మూడు నాలుగిళ్ల మగ్గం గుంతల్లో నీళ్లు ఊరాయి. ఆ పొద్దే మేం అడిగిన బడి గదులూ రాలేదు. అయినా కాలనీ వచ్చింది, మా బంధువులకే అందులో ఇళ్లు వచ్చాయి, ఆ రోడ్డు మీద చాలా ఏళ్లు పడుగులు సాగాయి. ఓట్ల కోసం చేశాడని కొందరన్నారు. అయ్యుండొచ్చు. ఆ బయలులో మాత్రం నెత్తురు పడలేదు.

చాలా కాలం తర్వాత, ఆమె మంచం పట్టినప్పుడు, తల దువ్వుతూ అడిగాను. "ఆ పొద్దు గేటు కాడ నీకు బయం కాలేదా అత్తా?"

"కాకేం? ఒక్కదాన్నే అయితే తిరుక్కోనొచ్చేదాన్నేమో. కొత్త కోడలి ముందర యాడ తిరుక్కోనొచ్చేది? అందుకే నిన్ను పిల్చుకపోయింది" అని బోసినోటితో నవ్వింది. అర్జీ కోసం కాదన్నమాట.

ఇప్పుడు ఆమె లేదు. మరమగ్గాలు వచ్చాక రోడ్ల మీద పడుగులూ లేవు. మొన్న ఆ సెక్రటరీ కాగితం ముందు పెట్టుకుని ఊరికే వేళ్ల మీద లెక్కేసుకుంటే తెలిసింది, ఆ నాయకుణ్ని జీపు దింపి నడిపించిన నాటికి ఆమెకు నలభై ఆరో నలభై ఏడో. అప్పుడు నా కంటికి ముసలమ్మలా కనపడిన మనిషి, ఈనాటి నాకంటే దాదాపు ఇరవై ఏళ్లు చిన్నది.