దొరతోటకు మందు కొట్టిన రోజు

దొరతోటలో ఇప్పుడు షాపులున్నాయి. మిగిలిన ముక్కలో ఒక సిమెంటు ఏనుగు, నీళ్ళు రాని ఫౌంటెను, పూలు కోయరాదని ఒక బోర్డు. పూల మొక్క మాత్రం ఒక్కటీ లేదు. అటు పని పడితే నేను స్టేషను రోడ్డు మీదుగా చుట్టు తిరిగి పోతాను. కోపం వచ్చి కాదు. కోపానికి కూడా ఓపిక కావాలి, అది అయిపోయింది.

తెల్లవాళ్ళ కాలంలో పొగాకు కొనడానికొచ్చిన ఓ దొర మా ఊరి నడిబొడ్డున వేయించిన తోట అది. బంగళా నేనెరిగేనాటికే కూలిపోయింది. నిద్రగన్నేరు చెట్లు, చింతలు, రాతి గట్టున్న బావి మిగిలాయి. వానాకాలం వస్తే ఆ చెట్ల మీద కొంగలు గూళ్ళు కట్టేవి. కింద నడిచేవాళ్ళ నెత్తిన రెట్టలు పడేవి. అయినా పొద్దున్నే నడకకు జనం అక్కడికే వచ్చేవారు. మిరపకాయల ఘాటు, పత్తి జిన్నింగు మిల్లుల దుమ్ము తప్ప ఇంకో గాలి పీల్చుకునే చోటు మా ఊళ్ళో అదొక్కటే.

తొంభైల చివర్లో పెద్దవాళ్ళ కన్ను దాని మీద పడింది. కాంప్లెక్సు కడతామన్నారు. నేనప్పుడు జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి. నోరు ఊరుకోక వద్దన్నాను. అంతే, అది నా మెడకు చుట్టుకుంది. ఒంగోలుకు, గుంటూరుకు చెప్పులరిగేలా తిరిగాను. ఏ ఆఫీసుకెళ్ళినా ఒకటే మాట: "ఖాళీ స్థలమే కదా మాస్టారూ!" ఖాళీ అట! అన్ని గూళ్ళు పెట్టుకుని ఖాళీ ఏమిటయ్యా అంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయ్యేది.

నాతో చివరిదాకా నిలబడింది మా బాబాయి ఒక్కడే. వరసకు బాబాయి, మా వీధే. ఊరి బయట పత్తి చేను, ఇంట్లో గేదెలు. కొంగలంటే ఆయనకు ప్రాణం. గూట్లోంచి పిల్ల జారిపడితే ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు, చెట్టెక్కే మనిషిని బతిమాలి మళ్ళీ గూట్లో పెట్టించేదాకా లేచేవాడు కాదు. "ఏరా, ఎమ్మెస్సీ చదివినోడివి, నువ్వు ఎక్కరాదూ?" అని నన్ను ఎకసెక్కాలాడేవాడు.

ఏళ్ళ తరబడి తిరగ్గా చివరికి అటవీ శాఖలో ఒక అధికారి మా మాట విన్నాడు. "పక్షులు గూళ్ళు పెడుతున్నాయని నా కళ్ళతో చూస్తే, ఈ తోట జోలికి పోవద్దని రాసి పంపుతానండీ. ఆ తర్వాత ఎవరూ కదపలేరు" అన్నాడు. శ్రావణంలో ఓ సోమవారం వస్తానన్నాడు. ఆ సంగతి చెబితే బాబాయి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాకైతే హమ్మయ్య, ఇక హాయిగా నిద్రపోవచ్చు అనిపించింది.

ఈలోపు చీరాలలో మేనకోడలి పెళ్ళి. ఉండమని ఎంత బతిమాలినా ఉండక, ఆ సోమవారం తొలి బండికి మా ఊళ్ళో దిగి నేరుగా తోటకు పోయాను. గేటు దగ్గరే గుప్పుమని వాసన కొట్టింది. పత్తి చేల మధ్య పెరిగినవాడికి ఆ వాసన ఏమిటో ఒకరు చెప్పాలా?

చెట్ల కింద కొంగలు పడున్నాయి. పెద్దవి, పిల్లలు, మధ్యమధ్యలో గోరింకలు. కొన్ని ఇంకా రెక్కలు కొట్టుకుంటున్నాయి. బాబాయి మోకాళ్ళ మీద కూర్చుని ఒకదాని నోట్లో చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. నీళ్ళు పక్కకే కారిపోతున్నాయి.

"ఏం చేశావు బాబాయ్?"

"ఆకంతా పురుగురా. గొంగళ్ళు పట్టి జల్లెడ చేసి పెట్టినయ్. పెద్దాయన చూడ్డానికొస్తుంటే పురుగు పట్టిన చేను చూపిస్తామా? మన పరువేం కావాల? మామిడితోటలకు కొట్టే ఇంజను పంపు తెచ్చి నిన్న సాయంత్రం మోనో మందు కొట్టించా. పత్తికి కొట్టేదేరా. మందు కూడా తక్కువే కలిపించా."

మా వైపు రైతు అంతే. చేను చూడ్డానికి ఎవరైనా వస్తున్నారంటే ముందురోజే మందు కొడతాడు. ఆకు మీద పురుగు కనబడటం, తోమని గిన్నెలో చుట్టానికి అన్నం పెట్టినంత నామోషీ. తిట్టబోయినవాణ్ణి, రెక్కలు కొట్టుకుంటున్న ఇంకో కొంగను ఒళ్ళోకి తీసుకుని ఆయన పక్కనే కూర్చున్నాను.

అధికారి చెప్పిన వేళకే వచ్చాడు. చెట్ల కింద మెల్లగా నడిచాడు, తలెత్తి చూశాడు. గూళ్ళున్నాయి, వాటిలో కదలిక లేదు. "ఇప్పుడు నన్నేం రాయమంటారు మాస్టారూ?" అన్నాడు. పాపం, ఆయన గొంతులో కోపం లేదు.

జీపెక్కబోతుంటే బాబాయి అడ్డం వెళ్ళాడు. చేతులు కట్టుకుని, చేనుకు తెగులొస్తే వ్యవసాయాధికారిని అడిగినట్టే అడిగాడు.

"అయ్యా, కొంగలు మళ్ళా రావాలంటే ఏం మందు కొట్టాలండీ?"