ఒకే పేరుతో ఇద్దరు అన్నదమ్ములు

సచివాలయంలో నా గది చూసి చుట్టాలు మురిసిపోతారు. ఒక్క మచ్చ లేకుండా ఇంత పైకొచ్చావని మెచ్చుకుంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మచ్చ లేకపోవడానికి కారణం నేను పెద్దపల్లిలో ఆర్డీవోగా ఉన్నప్పుడు చేసిన పని. కాదు, చెయ్యని పని.

గోదావరిఖనిలో ఒక బొగ్గుగని కార్మికుడికి ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఇక డ్యూటీకి పనికిరాడని డాక్టర్లు రాశారు. అలాంటివాళ్ళ పిల్లల్లో ఒకరికి కంపెనీ ఉద్యోగం ఇస్తుంది. ఆయనకు ఒక్కతే కూతురు, దరఖాస్తు పెట్టుకుంది. చిక్కేమిటంటే, ఆయన ఇన్నేళ్ళూ గనిలోకి దిగింది తన పేరుతో కాదు, అన్న పేరుతో. ఉద్యోగం కాగితం వచ్చింది అన్నకే. అతను గని చీకటి చూసి హడలిపోయి, చేరకుండానే ఊరికి పారిపోయాడు. వచ్చిన నౌకరీని ఎందుకు పోగొట్టుకోవాలని ఆ కాగితం పట్టుకుని తమ్ముడు వరసలో నిలబడ్డాడు. ఆ రోజుల్లో అక్కడ ఇదేమంత వింత కాదట.

ఇప్పుడు కూతురి సర్టిఫికెట్లలో తండ్రి అసలు పేరుంది, కంపెనీ కాగితాల్లో పెదనాన్న పేరుంది. రెండు పేర్లూ ఒకే మనిషివని నేను విచారించి రాసివ్వాలి. ఆమెకు వయసు పరిమితి దాటడానికి కొద్ది నెలలే ఉంది.

కార్మికుల కాలనీకి నేనే వెళ్ళాను. ఇరుగుపొరుగువాళ్ళంతా గనిలోని పేరే చెప్పారు. ఇక ఆయన భార్యను అడిగాను.

"మీ ఆయన పేరేంటమ్మా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మొగని పేరు నోటితోని ఎట్లంట సారూ?"

"సరే, గనిలో పేరైనా చెప్పు."

"గది మా బావ పేరాయె. అది సుత అనద్దు."

ఓరి దేవుడా! కట్టుకున్నవాడికి రెండు పేర్లున్నా ఆ ఇల్లాలు ఒక్కటీ పలకడానికి లేదు. ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఫారంలో ఏం నింపాలో తెలియక విసుగొచ్చింది.

నేను పిలిపించిన అన్న రామగిరి వైపు నుంచి బస్సులో ఆ ఇంటికే వచ్చాడు. చేతిలో పట్టా పాసుపుస్తకం ఉంది.

"సారూ, నా పేరు మా తమ్మునిదే అని రాయుండ్రి. పిల్లకు నౌకరి రావాలె."

"అతనిదని రాస్తే నీ పొలం ఎవరిదవుతుంది పెద్దయ్యా?"

ఆయన పాసుపుస్తకం వైపు చూశాడు. తమ్ముడు దగ్గుతూ మంచం మీంచి లేవబోయాడు. "వద్దన్నా. భూమి మీదికి తెచ్చుకోకు."

"నువ్వు ఊకో," అన్నాడు అన్న. "నా బదులు దిగినవ్. గది నాకు రావాల్సిన రోగం."

నేను తల తిప్పుకున్నాను. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఎందుకు దాచడం?

ఆఫీసుకొచ్చి ఫైలు ముందేసుకుంటే బుర్ర పనిచెయ్యలేదు. ఒకే మనిషని రాస్తే బతికున్న అన్న కాగితాల్లో లేకుండా పోతాడు. ఇద్దరని రాస్తే తమ్ముడు దొంగవుతాడు, పిల్లకు ఉద్యోగం రాదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పైవాళ్ళను అడిగితే "చూసి చెయ్యండి" అన్నారు. ఏం చూడాలో వాళ్ళూ చెప్పలేదు. చివరికి "మరికొంత విచారణ అవసరం" అని రాసి పక్కన పెట్టాను.

ఆ అమ్మాయి ప్రతి సోమవారం వచ్చేది. "ఏదన్న ఒకటి రాయుండ్రి సార్," అనేది. "చూస్తానమ్మా," అనేవాణ్ణి. ఇంతలో నాకు ప్రమోషన్ వచ్చింది. ఫైలు అక్కడే వదిలేసి, దండలు వేయించుకుని కారెక్కాను.

తర్వాత పదవి మీద పదవి వచ్చింది. మొన్నామధ్య సమీక్షకని రామగుండం వెళ్ళాను. సమావేశం గది బయట హాజరు పట్టిక ముందు కూర్చున్న ఔట్‌సోర్సింగ్ ఆపరేటరు లేచి నిలబడింది. ఆ అమ్మాయే! నేనే ముందు గుర్తుపట్టాను.

"నీ ఫైలు ఏమైందమ్మా?"

"వయసు దాటిపోయింది సార్. మా నాయిన సుత పోయిండు."

"నా మీద కోపం లేదా?"

"మీరు కాదని రాసినా బాగుండు సార్, కోర్టుకన్న పోతుంటిమి. ఏం రాయకపోతిరి. ఏం పట్టుకొని పోవాలె?"

లోపల అధికారులంతా నాకోసం ఎదురుచూస్తున్నారు. అయినా నేను లోపలికి వెళ్ళలేదు. జీవితంలో మొదటిసారి ఒకరి ముందు ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాను. "ఏం రాయాలో నాకు తెలియలేదమ్మా. ఇప్పటికీ తెలియదు."

"గా మాటన్న రాసియ్యకపోతిరి సార్," అంది.