మేనమామ గారి అంబాసిడర్

1996 వేసవిలో ఒక బీమా కంపెనీ నన్ను నర్సీపట్నం పంపింది. లంబసింగి ఘాట్‌లో పల్టీ కొట్టిన అంబాసిడర్‌కు నష్టం అంచనా కట్టాలి. నేను కంపెనీ ఉద్యోగిని కాను, లైసెన్సున్న సర్వేయర్ని. బండి ఎంత విరిగిందో చూడడం సగం పని, చెప్పిన కథలో ఎంత నిజముందో చూడడం మిగతా సగం. ఆ రెండో సగంలో నేను సొంత తమ్ముణ్ణి కూడా నమ్మేవాణ్ణి కాదు.

ఆ రోజుల్లో ఊళ్లో ట్యాక్సీలు తక్కువ. కుటుంబమంతా చింతపల్లి వైపు షికారు వెళ్లాలంటే ఎవరిదో సొంత కారు చాటుగా కిరాయికి మాట్లాడుకునేవారు. దారిలో పోలీసులు ఆపితే "మా మేనమామ కారండీ" అనాలని ఓనరు ముందే నేర్పించేవాడు. సొంత వాడకానికి తీసుకున్న పాలసీ మీద కిరాయి తిప్పితే క్లెయిము చెల్లదు మరి. అందుకే మేనమామ అన్న మాట వినబడితే చాలు, నాకు ఒళ్లు మండేది.

ఓనరు రిటైరైన లెక్కల మాస్టారు, సూర్యనారాయణ గారు. రిటైరైనప్పుడు చేతికొచ్చిందంతా ఆ పాత కారులోనే పెట్టారు. క్లెయిము పోతే అది తుక్కు కిందే లెక్క, ఇంకోటి కొనే శక్తి ఆయనకు లేదు. ఆ రోజు నడిపిందీ ఆయనే. ఎక్కింది మిషన్ కాంపౌండు పక్కన ఉండే రిటైర్డ్ నర్సు ఎస్తేరమ్మ గారు, ఆమె కొడుకు, కోడలు. అదృష్టం బాగుండి అందరికీ పైపై దెబ్బలే తగిలాయి.

నా పద్ధతి ప్రకారం ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. మాస్టారు తలొంచుకుని, వాళ్లు తన భార్య తరఫు చుట్టాలన్నారు. కొడుకేమో ఆయన తనకు పెదనాన్న వరస అన్నాడు. ఎస్తేరమ్మ గారు ఏకంగా "మా కోడలికి మేనమామండీ" అనేశారు. దొరికారు దొంగలు అనుకున్నాను. కిరాయి తిప్పారని రాయడానికి పెన్ను మూత కూడా తీశాను.

అప్పుడు ఎస్తేరమ్మ గారింట్లో కూర్చుని ఉన్నాను. ఇంతలో కోడలు మంచినీళ్లు తెచ్చింది. స్టీలు గ్లాసు మీద పేరు చెక్కి ఉంది: లక్ష్మీకాంతం. మాస్టారు వాంగ్మూలంలో చెప్పిన ఆయన భార్య పేరది. ఆవిడ గ్లాసు ఈ ఇంట్లో ఎందుకుంది? ఇదీ నాటకంలో భాగమేనా? కిటికీ దగ్గరికెళ్లి అక్షరాల్ని వేలితో తడిమాను. బూడిద పెట్టి తోమీ తోమీ అరిగిపోయాయి. నా కోసం వారంలో తయారు చేసిన అరుగుదల కాదది.

అయినా అనుమానం వదల్లేదు. మెకానిక్ షెడ్డుకెళ్లి సొట్టపడ్డ డిక్కీని గునపంతో తెరిపించాను. లోపల పాచిపోయిన పులిహోర క్యారేజీ. పై గిన్నె మీద లక్ష్మీకాంతం, కింది రెండింటి మీద ఎస్తేరమ్మ. కిరాయికి వచ్చిన డ్రైవరు తిండికని బత్తా పుచ్చుకుని హోటల్లో తింటాడు గాని, వాళ్లింటి గిన్నె, వీళ్లింటి గిన్నె ఒకే క్యారేజీలో కలవవు.

వెనక్కి వెళ్లి, అబద్ధం ఎందుకాడారని ఎస్తేరమ్మ గారి మీద కేకలేశాను. ఆవిడ తగ్గలేదు.

"ఆ మాస్టారూ మేమూ పక్కపక్కిళ్లలో ఉండీవోళ్లమండీ. డబ్బులు పుచ్చుకోకండా ఊరికే తీసుకెల్లినారంటే మీరు నమ్ముతారేటండీ? సుట్టమంటేనే నమ్ముతారని అలగ సెప్పినాం."

నిజంగానే నమ్మేవాణ్ణి కాదు. అందరి దగ్గరా మళ్లీ వాంగ్మూలం తీసుకుని, స్నేహితులని, కిరాయి లేదని రాశాను. క్లెయిము వచ్చింది. మాస్టారి కారు మళ్లీ రోడ్డెక్కింది.

రెండువేల సంవత్సరం తర్వాత అదే ఘాట్‌లో సుమోలు, క్వాలిస్‌లు చూశాను. కిరాయి బళ్లకుండే పసుపు నంబరు ప్లేట్లు, డిక్కీలో నీళ్ల సీసాలు, కాగితం ప్లేట్లు. డ్రైవరు పేరేమిటంటే ఎక్కినవాళ్లు సెల్‌ఫోన్‌లో వెతికి చెప్పేవారు. అతను మీకేమవుతాడంటే ఏమీ కాడనేవారు. ఆ మాట నిజమే, అందుకే నాకు పని తగ్గింది.

అబద్ధం పట్టుకోగానే సర్వే అయిపోదని నర్సీపట్నంలో నేర్చుకున్నాను. ఎందుకు చెప్పారని అడగకుండా ఆ తర్వాత ఏ రిపోర్టు మీదా సంతకం పెట్టలేదు.