పొట్టేలు జాగ

మిర్యాలగూడ నుంచి కోదాడ వెళ్లే బస్సులో, ఫోన్‌లో ఒకే పజిల్‌తో అరగంటగా కొట్లాడుతున్నాను. మర్నాడే ఎంట్రన్స్, మూడోసారి రాయడం. పజిల్‌లో ఏడుగురిని రెండు కార్లలో సర్దాలి. కొందరు కలిసి కూర్చోరు, కొందరు విడిపోరు. నాతో చదివినవాళ్లంతా కాలేజీల్లో సీట్లు తెచ్చుకుని వెళ్లిపోయారు. వాళ్లున్న వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒక్కరూ పలకలేదు. కోపంతో ఫోన్‌ని ఒళ్లోకి విసిరేశాను.

"ఫోనేం పాపం జేసింది బిడ్డా?" అన్నాడు పక్క సీట్లో గొంగడి కప్పుకున్న పెద్దాయన.

విసుగ్గానే చెప్పాను. నవ్వాడు.

"మేం మందను పంచేటప్పుడు గిట్లనే సేస్తం. తల్లిని, పిల్లను ఇడదీయం. రెండు పొట్టేళ్లను ఒక్క దొడ్లె పెట్టం. ముందుగాల ఎవ్వలతోని పడని పొట్టేలుకు జాగ సూడాలె. మిగిలినయి అవే సర్దుకుంటయ్."

"మరి ఆ పొట్టేలు?"

"ఒంటిగ ఉంటే దానికి తోసదు గద! పొద్దుగాల లేస్తనే దాన్నే పలకరిస్త."

హుజూర్‌నగర్‌లో దిగిపోయాడు. ఎవరితోనూ పడని మనిషిని ముందుగా ఒక కార్లో కూర్చోబెట్టాను, పజిల్ రెండు నిమిషాల్లో తేలింది. పరీక్షలోనూ అలాగే చేశాను, సీటొచ్చింది. ఆ సంగతి గ్రూపులో పెడితే నాలుగు థంబ్సప్ గుర్తులు వచ్చాయి.

పరీక్షకు ముందు రోజు మాత్రం నన్ను పలకరించింది ఆయన ఒక్కడే.